పదకొండు నెలల దర్బాన్

మా ఆపా కొడుకు ఆదివారం భోజనానికి వచ్చాడు. రుషికొండ వైపు ఒక ఐటీ కంపెనీలో నెట్‌వర్క్ పని చేస్తాడు. దస్తర్‌ఖాన్ ఎత్తేశాక చాయ్ ఇచ్చి, నా పాత లాప్‌టాప్ వాడి ముందు పెట్టాను. "బేటా, బిల్లులో ఈ లైను ఏమిటో చూడు. లైసెన్స్ గడువు అయిపోతోంది, మళ్ళీ కొనాలి అని మెయిల్ వచ్చింది. కట్టాలా వద్దా నువ్వే చెప్పు" అన్నాను.

ఆ లైనులో ఉన్నది "వర్చువల్ ఫైర్‌వాల్ లైసెన్స్".

వాడు పాస్‌వర్డ్ అడిగాడు. డైరీలో వెతికి ఇచ్చాను. ఓ పావుగంట నోరెత్తలేదు. చాయ్ చల్లారిపోయింది. తర్వాత స్క్రీన్ నా వైపు తిప్పి, "ఖాలా, ఏ దర్బాన్ కే పాస్ గ్యారా మహీనే సే కోయీ ఆయాచ్ నై" అన్నాడు. ఈ కాపలావాడి దగ్గరికి పదకొండు నెలలుగా ఒక్కరూ రాలేదట.

"మంచిదే కదా. దొంగలు రాలేదన్నమాట" అన్నాను.

"దొంగలే కాదు ఖాలా, మనవాళ్ళూ రాలేదు. అసలు ఎవ్వరూ రాలేదు. వీణ్ణి దారిలో నిలబెట్టలేదు. పక్క సందులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జనమంతా అసలు దర్వాజా నుంచి వచ్చి పోతున్నారు."

ఆ ఫైర్‌వాల్ కొనుగోలు కాగితం మీద, నెలనెలా వచ్చిన ప్రతి బిల్లు మీద దస్తఖత్ పెట్టింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

పాత ఊళ్ళో, వన్ టౌన్ వైపు, మాది ఒక చిన్న తాలీమీ కమిటీ. ఏడుగురం. చందాలు పోగు చేసి పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఫీజులు కడతాం. నేను పత్రికలో పని చేస్తాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, ఆ తర్వాత తెలుగులో డిగ్రీ. అందుకని రెండు భాషల్లో రాతకోతలూ, హిసాబ్ కితాబూ నా నెత్తిన పడ్డాయి.

మొదట్లో మాకున్నది ఒక కంప్యూటరు, నాలుగు రిజిస్టర్లు, ఒక ఇనప బీరువా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. చిన్నప్పుడు మాకు హుద్‌హుద్ అంటే నెత్తిన కిరీటం ఉన్న ఒక అందమైన పిట్ట. ఒమన్ దేశం ఇచ్చిన ఆ పేరుతో తుఫాను వచ్చి విశాఖలో చెట్టన్నది లేకుండా చేసింది. మా గది కిటికీ ఊడిపోయింది. కంప్యూటరు తడిసి చచ్చిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. బీరువాలోకి కూడా నీళ్ళు వెళ్ళాయి. పిల్లల మార్కుల మెమోలు ఒకదానికొకటి అతుక్కుపోతే, డాబా మీద పరిచి, ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టి ఆరబెట్టాను. సగం కాగితాల మీద సిరా కారిపోయింది.

కాగితాలు మన ఇంట్లో ఉంటే క్షేమం అనుకునేవాళ్ళం. ఆ భరోసా ఆ రోజుతో పోయింది. "క్లౌడ్‌లో పెడదాం" అనే మాట మా కమిటీలో పుట్టింది అప్పుడే. ఆచరణలోకి రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

పబ్లిక్ క్లౌడ్ అంటే పెద్ద మాట ఏమీ కాదు. వేరేవాళ్ళ కంప్యూటర్లలో మనకు కావలసినంత జాగా, కావలసినన్ని గంటలు కిరాయికి తీసుకోవడం. మైక్రోసాఫ్ట్ 2015లోనే మన దేశంలో ఆ కేంద్రాలు తెరిచింది. అమెజాన్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో పెట్టింది. తుఫాను విశాఖకు వచ్చినా కాగితాలు హైదరాబాద్‌లో భద్రంగా ఉంటాయి. ఆ ఆలోచనతోనే రెండేళ్ళ కిందట ఒక చిన్న సంస్థ చేత దరఖాస్తుల వెబ్‌సైట్ చేయించుకున్నాం. అమ్మాయి ఫోటో, ఆధార్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఇంటి అడ్రసు, అమ్మ ఫోన్ నంబరు. అన్నీ అందులోనే.

కిందటేడు ఒక మీటింగ్‌లో మా కమిటీ పెద్దాయన, "ఇన్ని ఇళ్ళ కాగితాలు మన దగ్గర అమానత్‌గా ఉన్నాయి, హిఫాజత్ విషయంలో కక్కుర్తి వద్దు" అన్నారు. సంస్థవాళ్ళు ఒక పెద్ద కంపెనీ ఫైర్‌వాల్ కొటేషన్ పంపారు. రెండు ఆడపిల్లల ఇంటర్ ఫీజుకు సరిపడే మొత్తం. ఒప్పుకున్నాం.

ఫైర్‌వాల్ అన్న మాట కంప్యూటర్లలో పుట్టింది కాదు. ఒక ఇంట్లో అంటుకున్న మంట పక్కింటికి పాకకుండా మధ్యలో కట్టే గోడ అది. 1988 నవంబర్‌లో మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం, అప్పుడు చిన్నగా ఉన్న ఇంటర్నెట్‌లో వేల కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఆ రోజుల్లోనే నెట్‌వర్క్‌ల మధ్య కూడా ఇలాంటి గోడ ఉండాలనే ఆలోచన బలపడింది. 1993లో మొదలైన చెక్ పాయింట్, ఆ తర్వాత ఫోర్టినెట్, పాలో ఆల్టో నెట్‌వర్క్స్ లాంటి కంపెనీలు దాన్నే పెద్ద వ్యాపారం చేశాయి. చాలాకాలం ఫైర్‌వాల్ అంటే ఒక పెట్టె. ఆఫీసులో రాక్‌లో బిగించి, ఇంటర్నెట్ తీగ దాంట్లో గుచ్చి, లోపలి తీగ దాంట్లోంచే బయటికి తీసేవారు. క్లౌడ్‌లో మనకు గదీ లేదు, రాకూ లేదు, తీగా లేదు. అందుకని ఆ పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్‌నే విడిగా అమ్ముతున్నారు. కిరాయి కంప్యూటర్ మీద దాన్ని నడిపితే అదే వర్చువల్ ఫైర్‌వాల్.

మా అబ్బా పోర్టులో టాలీ క్లర్క్. ఓడ నుంచి దిగిన సరుకు లెక్కపెట్టి కాగితంతో సరిచూసే పని. అందుకని నా బుర్రకు ఇదంతా పోర్టు భాషలోనే ఎక్కుతుంది. కంప్యూటర్‌లో కూడా పోర్టులుంటాయి. విశాఖకు 1933 నుంచి ఒక పోర్టు, 2009లో గంగవరంతో కలిపి రెండు. ఒక్కో కంప్యూటర్‌కి మాత్రం 65,535! ఉర్దూలో బందర్‌గాహ్ అంటే నవ్వొస్తుంది గానీ, ఇవన్నీ నిజానికి నంబర్లు వేసిన దర్వాజాలు. భద్రమైన వెబ్‌సైట్‌కి వచ్చేవాళ్ళు 443 నుంచి వస్తారు. సర్వర్‌ని దూరం నుంచి నడిపేవాళ్ళు 22 నుంచో, 3389 నుంచో వస్తారు. ఎవరు, ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ దర్వాజా గుండా అన్న నాలుగు సంగతులు చూసి పంపించడమో ఆపడమో ఫైర్‌వాల్ మొదటి పని.

"ఆ పని క్లౌడ్ కంపెనీ ఉచితంగానే చేస్తుంది ఖాలా" అన్నాడు మావాడు. సెక్యూరిటీ గ్రూప్ అంటారట. ప్రతి కిరాయి కంప్యూటర్ చుట్టూ అది ఉంటుంది. అది దర్వాజా నంబరు చూస్తుంది, వచ్చినవాడి అడ్రసు చూస్తుంది. మూట విప్పి చూడదు. డబ్బు పెట్టి కొనే ఫైర్‌వాల్ మూట విప్పుతుంది. 443 నుంచే వచ్చినా లోపల ఉన్నది దరఖాస్తా, దొంగ ప్రోగ్రామా అని తన దగ్గరున్న దొంగల జాబితాతో సరిచూస్తుంది. రహస్య భాషలో చుట్టి వచ్చిన మూటైతే విప్పడానికి తాళంచెవి కూడా దానికి ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అట్ట చూసి పంపేస్తుంది. మేము ఇవ్వలేదని ఆ రోజే తెలిసింది.

ఇంతకీ తప్పు ఎక్కడ జరిగింది?

మన హార్బర్‌కు వెళ్ళే కాలువ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద ఇస్‌హాఖ్ మదనీ బాబా దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వర స్వామి గుడి. పాత రోజుల్లో ఆ దారిన వెళ్ళే ఓడలు దర్గాకు మూడుసార్లు జెండా ఎత్తి దించి సలాం చేసేవని పాత జిల్లా గ్రంథాల్లో రాశారు. లోపలి హార్బర్‌కు వెళ్ళాలన్నా, బయటికి రావాలన్నా ఓడకు ఆ కాలువ తప్ప వేరే దారి లేదు. కాలువ ఒక్కటే కాబట్టి అక్కడ కాపలా పెడితే చాలు.

క్లౌడ్‌లో అలాంటి కాలువ దానంతటది ఉండదు. ఏ మూట ఎటు వెళ్ళాలో చెప్పే ఒక పట్టిక ఉంటుంది. రూట్ టేబుల్ అంటారు. అందులో 0.0.0.0/0 అని ఒక లైను. అంటే "మిగతా ప్రపంచమంతా" అని అర్థం. ఆ లైను ఎదురుగా ఏది రాస్తే మూటలు అటే వెళతాయి. మా సర్వర్ ఉన్న భాగానికి సంబంధించిన పట్టికలో, ఆ లైను ఎదురుగా ఇంటర్నెట్ గేటు పేరే ఉంది. ఫైర్‌వాల్ పేరు రాయలేదు. పైగా బయటి అడ్రసు కూడా నేరుగా సర్వర్‌కే తగిలించి ఉంది. బయటివాళ్ళు సర్వర్ దగ్గరికి నేరుగా వస్తున్నారు, సర్వర్ నేరుగా బదులు ఇస్తోంది. మధ్యలో ఫైర్‌వాల్ ఊసే లేదు.

సరిగ్గా పెట్టాలంటే మూడు పనులు చేయాలని మావాడు కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. బయటి అడ్రసు ఫైర్‌వాల్‌కి తగిలించాలి, సర్వర్‌కి లోపలి అడ్రసు మాత్రమే ఉంచాలి. సర్వర్ వైపు పట్టికలో ఆ లైను ఎదురుగా ఫైర్‌వాల్‌ని రాయాలి. వెళ్ళేది ఒక గేటు నుంచి, వచ్చేది ఇంకో గేటు నుంచి అయితే ఫైర్‌వాల్ తికమకపడి మూటను పారేస్తుంది. ఇక మూడోది చిత్రమైనది. అమెజాన్ లాంటి క్లౌడ్‌లో ఏ కంప్యూటరూ తన పేరు మీద రాని మూటను ముట్టుకోకూడదని మామూలుగానే ఒక నిబంధన ఉంటుంది. ఊళ్ళోవాళ్ళందరి మూటలూ చూడటమే ఫైర్‌వాల్ ఉద్యోగం కాబట్టి, దాని విషయంలో ఆ నిబంధన ఎత్తేయాలి. మాది ఎత్తేయలేదు. దారి సరిగ్గా రాసి ఉన్నా ఒక్క మూట దాటేది కాదు.

ఇదంతా విన్నాక నాకు గుర్తొచ్చింది. నెలనెలా ఆ సంస్థ ఒక పేజీ రిపోర్టు పంపేది. "ఈ నెల అడ్డుకున్న దాడులు: 0". ఆ సున్నాను నేను ప్రతి మీటింగ్‌లో చదివి వినిపించాను. అందరూ తసల్లీగా తల ఊపేవారు. జర్నలిస్టును. ఆసుపత్రివాళ్ళు ఈ నెల ఒక్క రోగీ రాలేదని చెబితే, తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని అడిగేదాన్ని. నా సొంత కాగితం మీద సున్నా కనిపిస్తే మాత్రం అడగలేదు.

ఇప్పుడు లైసెన్స్ కథ. ఇక్కడే మనలాంటివాళ్ళ డబ్బు కారిపోయేది, కాబట్టి నిమ్మళంగా చెబుతాను.

ఈ ఫైర్‌వాల్ ఖరీదుకు రాదు, కిరాయికే వస్తుంది. కిరాయి రెండు రకాలు. మొదటిది గంట లెక్క, ఆటో మీటరు లాంటిది. క్లౌడ్ కంపెనీకి ఒక ఆన్‌లైన్ బజారు ఉంటుంది. అందులో ఫైర్‌వాల్‌ని ఎంచుకుంటే కాసేపట్లో నడవడం మొదలవుతుంది. నడిచిన ప్రతి గంటకూ కంప్యూటర్ కిరాయి, సాఫ్ట్‌వేర్ కిరాయి రెండూ పడి, ఒకే బిల్లులో వస్తాయి. ఆపేస్తే ఆ మీటరు ఆగుతుంది, డిస్కు కిరాయి మాత్రం కొద్దిగా నడుస్తూనే ఉంటుంది. రెండోది మన లైసెన్స్ మనమే తెచ్చుకోవడం. ఏడాదికో మూడేళ్ళకో ముందే డబ్బు కట్టేస్తాం. ఒక కోడ్ ఇస్తారు. అది ఎక్కిస్తే మన ఫైర్‌వాల్ కంపెనీ దగ్గర హాజరు వేయించుకుంటుంది. కంప్యూటర్ కిరాయి క్లౌడ్‌కి విడిగా కడుతూ ఉండాలి.

ఏది చవక? హిసాబ్ సులువే. ఏడాదికి 8,760 గంటలు. రాత్రీపగలూ నిలబడాల్సిన కాపలాకు గంట మీటరు సాధారణంగా భారమే, ఏడాది లైసెన్స్ మేలు. నాలుగు రోజులు పరీక్షించి చూడటానికో, అడ్మిషన్ల నెల వరకు అదనంగా కావాలనుకున్నప్పుడో గంట మీటరు మేలు. మావాడి మష్వరా ఏమిటంటే, మొదట నెల రోజులు మీటరు మీద నడిపి, ఎంత రద్దీ ఉందో చూసుకుని, ఆ తర్వాతే ఏడాదికి కట్టాలి. మేము ఆ పని చేయలేదు. ఇలాంటి లైసెన్స్‌లను చాలావరకు కంప్యూటర్‌లోని కోర్ల లెక్కన అమ్ముతారు. మేము కొన్నది నాలుగు కోర్ల లైసెన్స్, అది నడుస్తున్న కంప్యూటర్‌లో ఉన్నవి రెండే. సగం డబ్బుకు అసలు పనే లేదు.

కాపలావాడు ఒక్కడే అయితే వాడు పడిపోయిన రోజు వెబ్‌సైట్ మొత్తం ఆగిపోతుంది. అందుకని పెద్ద సంస్థలు ఇద్దర్ని, వేర్వేరు భవనాల్లో పెడతాయి. అప్పుడు లైసెన్స్‌లూ రెండు. ఈ మాట కొటేషన్‌లో ఎక్కడా లేదు.

గడువు తీరితే ఏమవుతుందన్నది లైసెన్స్ రకాన్ని బట్టి ఉంటుంది. కొన్నింటిలో కాపలావాడు నిలబడే ఉంటాడు, పాత హుకుంల ప్రకారం పంపుతూనే ఉంటాడు. కొత్త దొంగల జాబితా మాత్రం రావడం మానేస్తుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు తేడా తెలియదు. కొన్నింటిలో పనే ఆగిపోతుంది. ఇంకో గఫ్లత్ కూడా జరుగుతుందట. ఫైర్‌వాల్ నడుస్తున్న కంప్యూటర్‌ని తొందరపడి చెరిపేస్తారు. లైసెన్స్‌ని ముందుగా విడిపించరు. అప్పుడా లైసెన్స్ చచ్చిపోయిన కంప్యూటర్ పేరు మీదే ఉండిపోతుంది. కొత్తదానికి ఎక్కించబోతే వాడకంలో ఉందంటుంది. కంపెనీకి అర్జీ పెట్టుకుని విడిపించుకోవాలి.

మరి మా లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది? చూస్తే, కమిటీ పేరు మీద లేదు. ఆ సంస్థలో పని చేసి ఎప్పుడో మానేసిన ఒక అబ్బాయి మెయిల్ మీద ఉంది. బిల్లు మా పేరున, దస్తఖత్ నాది, హక్కు మాత్రం ఎవరికీ తెలియని ఒక పాస్‌వర్డ్‌ది.

జవాబుదారీ అనే మాటను నేను వార్తల్లో వందలసార్లు రాసి ఉంటాను. జవాబు అరబ్బీ నుంచి, దార్ ఫార్సీ నుంచి వచ్చి తెలుగులో స్థిరపడిన మాట. దస్తావేజు, బాకీ, హామీ, వసూలు, హాజరు కూడా ఆ దారిన వచ్చినవే. ఉర్దూ మీడియం పిల్లగా తెలుగు క్లాసులో కూర్చున్నప్పుడు ఇవన్నీ నా చుట్టాల్లా అనిపించేవి. ఆ ఆదివారం మాత్రం జవాబుదారీ అన్న మాట చుట్టంలా పలకరించలేదు. జవాబు ఎవరిది అని అడిగింది.

ఆ సాయంత్రం మావాడు సర్వర్ సొంత చిట్టా తెరిచాడు. దర్వాజా నంబర్ 22 ప్రపంచమంతటికీ తెరిచే ఉంది. ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డ్ ఊహించి లోపలికి రావాలని ప్రయత్నించినవాళ్ళ లైన్లు పేజీలకు పేజీలు. వేలల్లో. "ఎవరైనా లోపలికి వచ్చారా?" అని అడిగాను. నా గొంతు నాకే వినపడలేదు.

"ఈ చిట్టాలో ఎవరూ వచ్చినట్టు లేదు ఖాలా. కానీ ఇందులో నెల రోజులదే ఉంది. పాతది దానంతటదే చెరిగిపోతోంది. అంతకు ముందు సంగతి నాకు తెలీదు, ఇంకెవరికీ తెలీదు."

చిట్టాలు 180 రోజులు దాచాలని, ఏదైనా దాడి జరిగినట్టు తెలిస్తే ఆరు గంటల్లో చెప్పాలని 2022 ఏప్రిల్‌లో కేంద్రంలోని సెర్ట్-ఇన్ సంస్థ ఆదేశాలిచ్చింది. ఆ ఆదేశాల మీద నేనే ఒక వార్త రాశాను. 2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడు కూడా రాశాను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. దర్వాజా నంబర్ 445 గుండా పాకే పురుగు అది. మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే మరమ్మతు విడుదల చేసినా వేయనివాళ్ళు ప్రపంచమంతా దొరికిపోయారు. ఆ వార్తలో "నిర్లక్ష్యం" అనే మాట వాడాను. ఎంత తేలిగ్గా వాడానో ఇప్పుడు తెలుస్తోంది.

మరుసటి రోజే మావాడు ముందు 22ను మూసేశాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి సాఫ్‌గా చెప్పాడు. "మీకు ఈ ఫైర్‌వాల్ అక్కర్లేదు. ఇది బ్యాంకులకి, పోర్టులకి, పెద్ద ఆసుపత్రులకి. వాళ్ళకు డజన్ల నెట్‌వర్క్‌లుంటాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి మంట పాకకుండా చూసుకోవాలి. మీది ఒక వెబ్‌సైట్, ఒక సర్వర్." ఓడరేవులకు ఇది ఎంత అవసరమో 2017 జూన్‌లో చూశాం. నాట్‌పెట్యా దాడిలో మార్‌స్క్ కంపెనీ కంప్యూటర్లు పడిపోతే, ఎక్కడో మొదలైన ఆ మంట ముంబై దగ్గరి జేఎన్‌పీటీలో ఆ కంపెనీ నడిపే టెర్మినల్‌నూ ఆపేసింది.

మా కోసం వాడు చేసిన ఇంతెజామ్ చాలా మామూలుది. సెక్యూరిటీ గ్రూప్‌లో 443 తప్ప అన్నీ బంద్. సర్వర్‌ని నడిపే పని వీపీఎన్ గుండానే. వెబ్‌సైట్ ముందు క్లౌడ్ కంపెనీదే ఒక చిన్న వడపోత, వాడిన మేరకే డబ్బు. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కి వచ్చే కోడ్ తప్పనిసరి. చిట్టాలు విడిగా ఇంకో చోట, 180 రోజులు. ఫీజు కట్టేయడం అయిపోయిన పిల్లల ఆధార్ కాపీలు చెరిపేయడం. దగ్గర లేని కాగితాన్ని ఎవరూ దొంగిలించలేరు కదా. ఈ ఆఖరి పనికి డబ్బే అక్కర్లేదు, మాకు రెండేళ్ళుగా తోచలేదు.

లైసెన్స్ మళ్ళీ కొనలేదు. గడువు వరకు ఉండనిచ్చి, ముందు లైసెన్స్ విడిపించి, తర్వాత ఆ కంప్యూటర్ చెరిపేశాం. మిగిలే డబ్బు ఫీజుల ఖాతాకే వెళ్ళాలని రాసుకున్నాం. ఆ సంస్థను పిలిచి అడిగితే, "అమర్చడం మాత్రమే మా పని, దారి మళ్ళించడం ఒప్పందంలో లేదు" అన్నారు. చదివి చూశాను. నిజంగానే లేదు. ఆ కాగితం మీదా నా దస్తఖత్ ఉంది. క్లౌడ్ కంపెనీలు కూడా ఇదే మాట ముందుగానే చెబుతాయి. భవనం, కరెంటు, యంత్రాల జిమ్మేదారీ మాది, లోపల మీరు పెట్టుకున్నదాని జిమ్మేదారీ మీది అని.

కష్టమైన పని ఇంకా మిగిలింది. తల్లిదండ్రులకు చెప్పాలా వద్దా?

మీటింగ్‌లో చాలాసేపు ఖామోషీ. ఒకరు, "ఏమీ పోయినట్టు రుజువు లేదు కదా, ఎందుకు జనాన్ని భయపెట్టడం?" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఇంకొకరు, "చందాలు ఆగిపోతాయి" అన్నారు. అందులోనూ నిజం ఉంది. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి నేను చెప్పబోతే, పెద్దాయన ఆపారు. "చట్టం సంగతి తర్వాత బేటీ. అమానత్ ఇచ్చినవాళ్ళకు అది ఎలా ఉందో చెప్పాలా వద్దా, అది తేల్చండి" అన్నారు.

ఉత్తరం నేనే రాశాను, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఉర్దూ. ఫైర్‌వాల్ అన్న మాట తీసేశాను, రూట్ టేబుల్ తీసేశాను. చివరికి మిగిలింది ఇది: మీ కాగితాలకు మేము పెట్టిన కాపలా పదకొండు నెలలు పని చేయలేదు. ఎవరైనా చూశారో లేదో మాకు తెలియదు. ఇప్పుడు సరి చేశాం. బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా ఓటీపీ అడిగితే ఇవ్వకండి. తప్పు మాది.

తర్వాత ఒక్కో ఇంటికీ ఫోన్ చేశాం. కొందరు "సరే మేడమ్" అని పెట్టేశారు. ఒకాయన గట్టిగా తిట్టారు, విన్నాను. కంచరపాలెం నుంచి ఒక తల్లి మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "మా పాప ఫోటో, నంబరు ఎవడి దగ్గరికైనా పోయిందా అక్కా?" అని అడిగింది.

"తెలియదమ్మా" అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ నోట ఈ మాట విని, తప్పించుకుంటున్నారని రాస్తూ వచ్చాను. ఆ రోజు నా దగ్గర అంతకన్నా నిజమైన జవాబు లేదు.

ఇప్పుడు మన ఊళ్ళో ఎక్కడ చూసినా డేటా సెంటర్ల మాటే. 2025 అక్టోబర్ 14న గూగుల్ విశాఖలో ఏఐ హబ్ పెడతానని, ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు ఖర్చు చేస్తానని ప్రకటించింది. సముద్రం అడుగు నుంచి కేబుళ్ళు మన తీరానికి వస్తాయంటున్నారు. "మా అబ్బాయికి అందులో ఏం పని దొరుకుతుంది?" అని అడిగే తల్లులు నాకు తరచూ ఎదురవుతారు. నాకు తెలిసిన ఒక పని చెబుతున్నాను. కొన్న కాపలాను దారిలో నిలబెట్టడం, మూటలు నిజంగా దాని ముందు నుంచి వెళుతున్నాయో లేదో వారంవారం చూడటం. మా ఆపా కొడుకు చేసేది అదే. పావుగంటలో వాడు చూసింది, మేము ఏడుగురం పదకొండు నెలల్లో చూడలేకపోయాం.

స్కూలు నడిపేవాళ్ళు, షాదీఖానా బుకింగులు చూసేవాళ్ళు, క్లినిక్ ఉన్నవాళ్ళు, మీలో చాలామందికి ఇప్పుడు క్లౌడ్‌లో ఏదో ఒకటి ఉంటుంది. మీ పని చేసిపెట్టిన సంస్థను ఒకసారి కూర్చోబెట్టి అడగండి. మా ముందు ఒక తప్పుడు ప్రయత్నం చేసి చూపించండి, అది చిట్టాలో పడుతుందా? లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది? గడువు ఏ తేదీ, ఆ రోజు ఏమవుతుంది? సాఫ్ట్‌వేర్‌కి ఎంత, కంప్యూటర్‌కి ఎంత, విడివిడిగా చెప్పండి. అసలు ఇది మాకు అవసరమా? విసుక్కుంటారు. అడగండి.

మా గదిలో బీరువా తలుపు మీద ఇప్పుడు ఒక కాగితం అంటించి ఉంది. ఏది ఎవరి పేరున ఉందో, ఏ తేదీన గడువు తీరుతుందో, తాళంచెవి ఏ ఇద్దరి దగ్గర ఉందో నా చేతిరాతతో రెండు భాషల్లో. దాని కింద ఫోన్ చేయాల్సినవాళ్ళ జాబితా. అందులో రెండు ఇళ్ళకు ఇంకా టిక్కు పడలేదు, నంబర్లు మారినట్టున్నాయి. వచ్చే శుక్రవారం సెలవు పెట్టి ఆ ఇళ్ళకు వెళ్ళి రావాలి.